బల్ల చుట్టూ అయిదుగురు: విద్యార్థులతో రోల్‌ప్లేయింగ్ ఆట మొదలుపెట్టి నడిపే పద్ధతి

"తలుపుకి బయట నుంచి తాళం వేసి ఉంది. లోపల ఎవరో సన్నగా ఏడుస్తున్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. మీరేం చేస్తారు?"

బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురు విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తాళం పగలగొడదాం అంటాడొకడు. వద్దు, ముందు దాక్కుందాం అంటుంది పక్కనున్న అమ్మాయి. అప్పటిదాకా ఊ కొడుతూ కూర్చున్న ఇంకో అబ్బాయి గొంతు తగ్గించి, "లోపలున్నవాళ్లతో మాట్లాడొచ్చా?" అని అడుగుతాడు. మాట్లాడొచ్చు. ఆ ఒక్క మాటతో కథ ఎవరూ అనుకోని దారి పడుతుంది.

చదువుకునే పిల్లల్ని రోజంతా ఎవరో ఒకరు ప్రశ్నలు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలకు జవాబు అడిగేవాళ్ల దగ్గర ముందే ఉంటుంది. ఒప్పా, తప్పా అని చూడటానికే అడుగుతారు. ఈ బల్ల దగ్గర అడిగే "మీరేం చేస్తారు?" అలాంటిది కాదు. అడిగినవాళ్లకు కూడా జవాబు తెలియదు. పిల్లలు చెబితేనే కథ కదులుతుంది. కొన్నేళ్లుగా విద్యార్థుల బృందాలతో ఈ ఆట ఆడిస్తున్నాను. దీనివల్ల వాళ్లకు కలిగే మేలులో పెద్ద భాగం ఆ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. పాచికలు, నియమాలు, మ్యాపులు అన్నీ దాన్ని కాపాడటానికే. కాబట్టి కింద చెప్పే ప్రతి అడుగులోనూ నేను చూసేది ఒక్కటే: ఆ ప్రశ్న నిజంగా అడుగుతున్నామా, జవాబు నిజంగా వింటున్నామా అని.

## అసలు ఈ ఆట ఏమిటి

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే కొందరు కలిసి కూర్చుని, నోటితో చెప్పుకుంటూ ఆడే కథ. ఒకరు గేమ్ మాస్టర్. ఆ లోకం ఎలా ఉందో, అందులో ఎదురయ్యేవాళ్లు ఏమంటారో వాళ్లు చెబుతారు. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. తమ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో వాళ్లే నిర్ణయిస్తారు. ఫలితం ఎటైనా తిరగొచ్చు అనిపించిన చోట పాచికలు వేస్తారు. స్టేజీ ఉండదు, వేషం ఉండదు, లేచి నటించక్కర్లేదు. ఒకరి మీద ఒకరు గెలవడం కూడా ఉండదు. అందరిదీ ఒకే పక్షం.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట అచ్చులోకి వచ్చింది. అంతకుముందు ఉన్న యుద్ధక్రీడల్లో ఒక్కొక్కరు ఒక్కో సైన్యాన్ని నడిపేవారు. వీళ్లు సైన్యం బదులు ఒక్క మనిషిని ఆటగాడి చేతికిచ్చారు. వినడానికి చిన్న మార్పే. కానీ దాంతో "ఎలా గెలవాలి" అన్న ఆలోచన పక్కకు జరిగి, "ఈ మనిషినైతే నేనేం చేస్తాను" అన్న ఆలోచన ముందుకొచ్చింది. ఇప్పుడు డిటెక్టివ్ కథలు, అంతరిక్ష యాత్రలు, హాస్టల్ రహస్యాలు, ఏ రకం కథకైనా ఇలాంటి ఆటలున్నాయి.

## మేలు ఎక్కడ పుడుతుంది

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషి మనసు కులాసాగా ఉండాలంటే మూడు అవసరాలు తీరాలన్నారు. నా నిర్ణయం నేను తీసుకుంటున్నానన్న భావన ఒకటి. నాకు చేతనవుతుందన్న నమ్మకం రెండోది. నాకంటూ మనుషులున్నారన్న భరోసా మూడోది. పరీక్షలు, ర్యాంకుల మధ్య పెరిగే విద్యార్థికి ఈ మూడూ ఒకేచోట దొరకడం కష్టం. బల్ల దగ్గర దొరుకుతాయి. ఎటు వెళ్లాలో తనే చెబుతాడు. తన పాత్రకు వచ్చిన పని మిగతావాళ్లెవరికీ రాదు కాబట్టి తన అవసరం పడుతుంది. వచ్చే వారం తను రాకపోతే నలుగురూ "ఏమైంది?" అని అడుగుతారు.

ఇంకొకటి ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది అదే. మొహమాటం ఉన్న పిల్లలకు పాత్ర ఒక తెర లాంటిది. "ఆ మాట అన్నది నేను కాదు, నా పాత్ర" అని చెప్పుకునే వీలుంటుంది. తెర చాటు నుంచి కోపం, ధైర్యం, జాలి, నాయకత్వం అన్నీ ఒకసారి వేసుకుని చూడొచ్చు. నప్పకపోతే తీసేయొచ్చు. కౌమారంలో మనిషి ముందున్న పెద్ద పని "నేనెవరిని?" అన్నది తేల్చుకోవడమేనని ఎరిక్ ఎరిక్సన్ రాశాడు. ఆ పనిని పరువు పోతుందన్న భయం లేకుండా చేసుకోవడానికి ఇంత సులువైన చోటు నేను ఇంకోటి చూడలేదు.

వినడం కూడా ఇక్కడే అలవడుతుంది. ముందువాళ్లు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి మారిపోతుంది కాబట్టి, వినకపోతే మీ వంతు వచ్చేసరికి చెప్పడానికేమీ ఉండదు. "ఇతరులు మాట్లాడుతుంటే విను" అని పదిసార్లు చెప్పినా రాని అలవాటు ఇక్కడ అవసరం కొద్దీ వస్తుంది.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చికిత్స కాదు. శిక్షణ పొందిన థెరపిస్టులు ఈ ఆటను తమ పనిలో వాడటం వేరు, మనం ఒక క్లబ్బుగా ఆడించడం వేరు. ఈ విషయం మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్న చిన్న బృందాలతో జరిగినవే. డిప్రెషన్‌తోనో, తీవ్రమైన ఆందోళనతోనో ఉన్న విద్యార్థికి డాక్టరు సాయం బదులు ఈ ఆట సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

## మొదటి అడుగు: ఎవరు, ఎంతమంది, ఎప్పుడు

గేమ్ మాస్టర్ కాక నలుగురు లేదా అయిదుగురు. ఇంతకు మించొద్దు. ఏడుగురైతే ఒక్కొక్కరి వంతు రావడానికి చాలాసేపు పడుతుంది, ఆ ఖాళీలో ఫోన్లు బయటికొస్తాయి. ఎక్కువమంది వస్తామంటే రెండు బల్లలు వేయండి.

ఒకే స్నేహితుల గుంపును తీసుకుంటే ఆట సాఫీగా సాగుతుంది కానీ కొత్త పరిచయాలు పుట్టవు. అసలు పరిచయం లేని అయిదుగురిని కూర్చోబెడితే మొదటి గంటంతా మౌనమే. నేను పాటించే పద్ధతి: ఇద్దరిద్దరు తెలిసినవాళ్లు, ఒకరు కొత్త. బెరుకున్న విద్యార్థికి పక్కన తెలిసిన మొహం ఒక్కటున్నా చాలు. వయసు తేడా రెండేళ్లు దాటకుండా చూడండి. లేకపోతే పెద్దవాళ్లు నిర్ణయిస్తారు, చిన్నవాళ్లు తలూపుతారు.

సెషన్ రెండు గంటలు. వారానికి ఒకసారి, ఎప్పుడూ ఒకే రోజు, ఒకే వేళ. ఈ క్రమం తప్పనివ్వకండి. "బుధవారం ఆట ఉంది" అన్న ఆలోచన ఒక్కటే కొందరిని వారమంతా నిలబెడుతుంది. మొదట ఆరు సెషన్లకే మాటివ్వండి. అంతకంటే పొడవైన కథకు ఎవరూ ముందే కట్టుబడక్కర్లేదు. పరీక్షల కాలంలో పూర్తిగా ఆపేయడం కన్నా గంటకు తగ్గించడం మేలు, ఎందుకంటే టెన్షన్ ఎక్కువయ్యేది అప్పుడే. రాత్రి పొద్దుపోయేదాకా మాత్రం సాగనివ్వకండి. నిద్ర చెడితే వచ్చిన ఉత్సాహం మర్నాడే పోతుంది.

ఆన్‌లైన్‌లో ఆడితే నలుగురికి మించకుండా, గంటన్నర దాటకుండా చూసుకోండి.

## రెండో అడుగు: చిన్న నియమాలు ఎంచుకోండి

ఈ ఆటలకు వందల పేజీల రూల్‌బుక్కులున్నాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల్ని 2023లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు కాబట్టి అవి ఉచితంగానే దొరుకుతాయి. ఇష్టమున్నవాళ్లు తర్వాత అటు వెళ్లొచ్చు. కొత్తవాళ్లతో మొదటిరోజే అంత బరువు ఎత్తకండి. నియమాలు బాగా గుర్తున్నవాళ్లదే పైచేయి అయిపోయి, మిగతావాళ్లకు అది కూడా ఒక క్లాసులా తయారవుతుంది.

మామూలు ఆరు ముఖాల పాచికలు రెండుంటే చాలు. ఒక్కో పాత్రకు మూడు గుణాలు: బలం, తెలివి, మాట. వీటిలో ఒకదానికి +2, ఇంకోదానికి +1, మిగిలినదానికి 0. ఏదైనా కష్టమైన పని చేయబోతే రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తానికి ఆ పనికి తగిన గుణం కలపాలి. 10 లేదా ఎక్కువైతే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 దాకా అయితే జరుగుతుంది కానీ ఏదో ఒక మూల్యం చెల్లించాలి. 6 లేదా తక్కువైతే పరిస్థితి అడ్డం తిరుగుతుంది. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటతో ఈ మూడు మెట్ల పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఈ లెక్క కొంచెం చూడండి, దీనిలో అందముంది. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు. గుణం 0 అయితే పూర్తి విజయం 36లో 6 సార్లు, మూల్యంతో విజయం 15 సార్లు, అడ్డం తిరిగేది 15 సార్లు. గుణం +2 అయితే పూర్తి విజయం 15, మూల్యంతో 15, అడ్డం తిరిగేది 6 మాత్రమే. అంటే తనకు వచ్చిన పనిలో విద్యార్థి ఎక్కువసార్లు నెగ్గుతాడు. రాని పనిలో పక్కవాళ్ల సాయం అడగాల్సి వస్తుంది. ఎవరైనా సాయపడితే మొత్తానికి 1 కలపండి. ఎలా సాయపడుతున్నారో మాత్రం వాళ్లు నోటితో చెప్పాలి. సాయం అడగడం చిన్నతనమనుకునే పిల్లలకు ఈ ఒక్క నియమం చాలా నేర్పుతుంది.

## మూడో అడుగు: ఆటకు ముందు ఒక సమావేశం

ఆడేవాళ్లు దీన్ని సెషన్ జీరో అంటారు. చాలామంది తొందరలో దాటేసేది ఇదే, తర్వాత వచ్చే గొడవల్లో సగానికి మూలం కూడా అలా దాటేయడమే. ఒక గంట కేటాయించండి.

ముందు ఎలాంటి కథ కావాలో అడగండి. భయపెట్టేదా, నవ్వించేదా, చిక్కుముడి విప్పేదా? ఓటింగు పెట్టొద్దు. ఓటింగులో ఓడినవాళ్లు మొదటిరోజే బయటివాళ్లవుతారు. తలో మాట చెప్పించి, అన్నీ కొంచెం కొంచెం ఇమిడే కథ వెతకండి. "పాత భవనం, అందులో రహస్యం, ఒక తిక్క పిల్లి" అని తేలినా ఫర్వాలేదు. అది వాళ్ల కథ.

తర్వాత, కథలోకి ఏమేం రాకూడదో మాట్లాడుకోండి. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రూపకర్త దీనికి రెండు మాటలిచ్చాడు: గీతలు, తెరలు. గీత అంటే ఆ విషయం కథలోకి అసలు రాదు. తెర అంటే కథలో జరగొచ్చు కానీ వర్ణించం, దాటేస్తాం. ఒకరికి సాలెపురుగులు గీత కావచ్చు, ఇంకొకరికి ఆసుపత్రి కావచ్చు, మరొకరికి ఇంట్లో అరుపులు కావచ్చు. నలుగురి ముందు చెప్పమంటే చెప్పరు. చిన్న కాగితాలిచ్చి పేరు లేకుండా రాయించండి. ఖాళీ కాగితం మడిచి ఇచ్చినా సరే అనండి. వచ్చిన జాబితాను మీరు చదివి వినిపించండి. "ఎందుకు?" అని ఎవరూ అడగకూడదు. ఇది ఖచ్చితమైన నియమం.

బల్ల మధ్యలో ఒక కార్డు మీద పెద్ద ఇంటూ గుర్తు వేసి పెట్టండి. జాన్ స్టావ్రోపౌలస్ రూపొందించిన ఈ పద్ధతిని ఎక్స్-కార్డ్ అంటారు. ఎవరికైనా కథలో ఏదైనా ఇబ్బందిగా అనిపిస్తే ఆ కార్డు మీద వేలు పెడితే చాలు. ఆ ముక్క కథలోంచి తీసేస్తాం, కారణం చెప్పక్కర్లేదు. నా అనుభవంలో పిల్లలు ముందు దీన్ని ముట్టుకోరు. అందుకే మొదటి సెషన్‌లో నేనే ఒకసారి వాడతాను. నేను చెబుతున్న వర్ణననే మధ్యలో ఆపి, కార్డు ముట్టుకుని, "ఇది మార్చి చెబుతాను" అని ముందుకు సాగిపోతాను. ఏ గొడవా లేకుండా అయిపోయిందని కళ్లారా చూశాక మిగతావాళ్లకు చొరవ వస్తుంది. వద్దు అనొచ్చని, అన్నా ఎవరూ నొచ్చుకోరని పదిహేనేళ్ల వయసులో తెలుసుకోవడం చిన్న విషయం కాదు.

తల్లిదండ్రులతో కూడా ఈ దశలోనే మాట్లాడండి. 1980లలో అమెరికాలో ఈ ఆట పిల్లల్ని చెడగొడుతుందన్న భయం పెద్ద ఎత్తున పాకింది. ఆ ఆరోపణలకు ఆధారాలు దొరకలేదు, భయం క్రమంగా సద్దుమణిగింది. అయినా కొత్తగా వినేవాళ్లకు అనుమానాలుండటం సహజం. వాదించకండి. ఒక సెషన్‌కు వచ్చి పక్కన కూర్చోమని పిలవండి. అరగంట చూస్తే, పిల్లలు స్క్రీన్ లేకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారని వాళ్లకే అర్థమవుతుంది.

## నాలుగో అడుగు: పాత్రలు కలిసి తయారుచేయండి

ఇంట్లో కూర్చుని పాత్ర రాసుకు రమ్మంటే ప్రతివాళ్లూ ఎవరితోనూ కలవని ఒంటరి వీరుణ్ణి తెస్తారు. అయిదుగురు ఒంటరి వీరులతో బృందం నడవదు. కాబట్టి బల్ల దగ్గరే, అందరూ వింటుండగా తయారుచేయించండి.

నాలుగు ప్రశ్నలు చాలు. పేరేమిటి, ఏ పనిలో దిట్ట? ఏ పని అస్సలు చేతకాదు? ఇప్పుడు గట్టిగా కోరుకునేది ఏమిటి? కుడిపక్కనున్నవాళ్ల పాత్రకు నీ పాత్ర ఏ విషయంలో రుణపడి ఉంది? నాలుగో ప్రశ్న మీద కాసేపు ఆగండి. "పోయినేడు నన్ను నీళ్లలోంచి లాగాడు", "నా అబద్ధం బయటపెట్టకుండా దాచింది" అని చిన్న చిన్న జవాబులొస్తాయి. ఇద్దరు అపరిచితులు అప్పటికప్పుడు కలిసి ఒక గతం అల్లుకుంటారు. ఆట మొదలవకముందే స్నేహానికి ఒక సాకు దొరికినట్టే.

చేతకాని పని రాయించడం మరిచిపోకండి. బలహీనతను కాగితం మీద పెట్టి, దాన్ని చూసి అందరితో కలిసి నవ్వుకోగలగడం వాళ్లకు తేలికగా ఉంటుంది.

## అయిదో అడుగు: మొదటి సెషన్ నడపడం

మొదట్లో నేనొక తప్పు చేశాను. కథ మొత్తం ముందే రాసుకుని వచ్చేదాన్ని. పిల్లలు ఎటు వెళ్లినా, ఏదో ఒక వంకతో నా దారిలోకి లాగేదాన్ని. రెండో సెషన్‌కల్లా ఒక విద్యార్థిని, "ఇప్పుడు మమ్మల్ని ఏం చేయమంటారు?" అని నన్నే అడిగింది. ఆ ప్రశ్న విన్నాక నాకు తెలిసొచ్చింది. నా దగ్గర జవాబు ఉందని వాళ్లు కనిపెట్టేశారు. మళ్లీ పరీక్ష హాలు తయారైంది.

అప్పటి నుంచి కథ కాదు, పరిస్థితి మాత్రమే రాసుకుంటున్నాను. అరపేజీ. ఒక చోటు, అక్కడ ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికీ ఏం కావాలో, ఎవరూ అడ్డుపడకపోతే రాత్రికి ఏం జరుగుతుందో. ఇంతే. పిల్లలు ఏం చేస్తే దాన్ని బట్టి ఆ మనుషులు స్పందిస్తారు.

ప్రయాణం, పరిచయాలు లేకుండా నేరుగా నడుమలోంచి మొదలుపెట్టండి. తాళం వేసిన తలుపు ముందే మొదలుకావచ్చు. వర్ణన మూడు వాక్యాలు దాటనివ్వకండి. వినిపించేది ఒకటి, కనిపించేది ఒకటి, తొందరపెట్టేది ఒకటి. ఆ వెంటనే ప్రశ్న.

ఆ ప్రశ్న అందరినీ కలిపి అడిగితే గొంతున్నవాళ్లే జవాబిస్తారు. కాబట్టి రెండోసారి నుంచి పాత్ర పేరు పెట్టి అడగండి. అడిగాక ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. అయిదు సెకన్ల మౌనం నడిపేవాళ్లకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, ఏదో ఒకటి అనేసి పూడ్చాలనిపిస్తుంది. పూడ్చకండి. నోట్లో నాలుక లేదని అందరూ అనుకునే పిల్లలు చాలామంది నిజానికి మాట వెతుక్కుంటూ ఉంటారు. వాళ్లకు ఎప్పుడూ దొరకనిది ఆ అయిదు సెకన్లే.

అప్పటికీ గొంతు పెగలకపోతే ప్రశ్నను చిన్నది చేయండి. "ఏం చేస్తావు?" బదులు "తలుపు వైపు వెళ్తావా, మెట్ల వైపు వెళ్తావా?" అనండి. అదీ కష్టమైతే "నీ పాత్ర చేతిలో ఏముంది?" చాలు. గొంతు మార్చి, పాత్రలా మాట్లాడమని ఎవరినీ బలవంతపెట్టకండి. "నా పాత్ర వాడికి సర్దిచెబుతుంది" అని చెప్పినా అది పూర్తి ఆటే.

ఒక కాగితం మీద అందరి పేర్లూ రాసుకుని, ఎవరు నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ పక్కన ఒక గీత గీయండి. సెషన్ మధ్యలో ఒకసారి చూసుకోండి. ఒకరి పక్కన గీతలు బారులు తీరి, ఇంకొకరి పక్కన ఒకటో రెండో ఉంటే, తర్వాతి సన్నివేశం ఆ రెండోవాళ్లకు వచ్చిన పని చుట్టూ తిప్పండి. మొదటివాళ్లను మాట్లాడొద్దని ఆపక్కర్లేదు. "నువ్వు నడిపించు, ఆమెను అడిగి తెలుసుకో" అని వాళ్ల చేతే అడిగించండి. చొరవ ఉన్న పిల్లల బలం అలా పక్కవాళ్లకూ పనికొస్తుంది.

## ఆరో అడుగు: పాచిక పారనప్పుడు

మార్కులతో పెరిగిన పిల్లలు తక్కువ అంకె పడగానే ముడుచుకుపోతారు. "సారీ" అని అందరికీ చెబుతారు. నిజానికి పాచికే కదా పడింది, వాళ్ల తప్పేమీ లేదు. అయినా సారీ వచ్చేస్తుంది. ఆ క్షణంలో గేమ్ మాస్టర్ ఏమంటారన్నది చాలా ముఖ్యం.

"నీవల్ల కాలేదు" అనకండి. "నువ్వు చక్కగానే ఎక్కావు, కానీ గోడ పెచ్చు ఊడింది" అనండి. పాత్ర చేతకానితనం వల్ల కాదు, లోకం తీరు వల్ల పని చెడిందని చెప్పండి. ఆ వెంటనే కొత్త తలుపు తెరవండి. గోడ మీద నుంచి జారి నేరుగా కాపలావాడి ముందు పడ్డాడు. ఆ కాపలావాడు కూడా డ్యూటీ ఎగ్గొట్టి దొంగతనంగా బయటికి పోతున్నాడు. ఇద్దరూ దొరికిపోయారు. మీరేం చేస్తారు?

ఇలా నాలుగైదుసార్లు జరిగాక బల్ల దగ్గర గాలి మారుతుంది. తక్కువ పడిందని మూలిగేవాళ్లే, ఇప్పుడేమవుతుందా అని ముందుకు వంగుతారు. వారం తర్వాత నెమరువేసుకునేది కూడా ఆ జారిపడ్డ సంఘటననే.

పాత్ర చనిపోవడం గురించి: మొదటి కథలో వద్దు.

## ఏడో అడుగు: గొడవలు వచ్చినప్పుడు

వస్తాయి. ఒక పాత్ర ఇంకో పాత్ర వస్తువు దొంగిలిస్తుంది, "నా పాత్ర అలాంటిదే మరి" అంటారు. ఆట కాసేపు ఆపి, పాత్రల్ని పక్కన పెట్టి, పేరుతో పిలిచి ఇద్దరినీ అడగండి: "ఇది నీకు సరదాగా ఉందా? నీకు?" ఇద్దరూ అవునంటే సాగనివ్వండి. ఒకరు కాదంటే అది జరగలేదు, అంతే. బృందాన్ని నొప్పించే హక్కు ఏ పాత్రకూ లేదు.

కొన్నిసార్లు పాత్ర భావం ఆడేవాళ్లలోకి కారుతుంది. కథలో స్నేహితుడు మోసం చేస్తే నిజంగానే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆడేవాళ్ల భాషలో దీన్ని బ్లీడ్ అంటారు. అదేమీ ప్రమాదం కాదు, మంచి కథ విన్నా అలాగే అవుతుంది. అయిదు నిమిషాలు విరామమివ్వండి, నీళ్లు తాగించండి, తర్వాత పక్కకు పిలిచి ఎలా ఉన్నావని అడగండి.

దీనికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఇంకోచోట. ఒక విద్యార్థి పాత్ర పదే పదే చావు గురించి మాట్లాడినా, ఇంట్లో దెబ్బల గురించి చెప్పే కథ మరీ నిజంలా అనిపించినా, దాన్ని ఆటలో తవ్వకండి. సెషన్ అయ్యాక ఒంటరిగా, సూటిగా, ప్రేమగా అడగండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, ఆ మాట నిలబెట్టుకోలేని పరిస్థితి రావచ్చు. స్కూల్ కౌన్సెలర్‌కో, ఆ విద్యార్థి నమ్మే బాధ్యతగల పెద్దవాళ్లకో అదే రోజు చేరవేయండి. మీరు గేమ్ మాస్టర్, డాక్టర్ కాదు. కానీ మొదట విన్నది మీరే కావచ్చు.

## ఎనిమిదో అడుగు: లేచేముందు పది నిమిషాలు

కథ మంచి పట్టులో ఉన్నా సరే, చివరి పది నిమిషాలు తప్పకుండా మిగల్చండి. పాచికలు పక్కన పెట్టించి, ఒక్కొక్కరినీ రెండు విషయాలు అడగండి. ఈరోజు పక్కవాళ్లు చేసినదాంట్లో నీకు నచ్చింది ఏమిటి? వచ్చే వారం ఏం చూడాలనుంది?

మొదటి ప్రశ్నలో "పక్కవాళ్లు చేసినదాంట్లో" అన్నది కావాలనే పెట్టాను. తన గురించి ఒక మంచి మాట, అదీ తోటివాళ్ల నోటి నుంచి, నలుగురి ముందు వినడం చాలామంది పిల్లలకు అరుదు. "నువ్వు ఆ ముసలాయనతో మాట్లాడిన తీరు బాగుంది" అని వినగానే తల దించుకుని నవ్వే మొహాల్ని చూడటానికైనా ఈ పది నిమిషాలు ఉంచాలి. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులు రాసుకోండి. వచ్చేసారి వాటిలో ఒక్కటైనా కథలో కనిపించాలి.

## పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది

ప్రశ్నపత్రాలు పంచకండి. కళ్లతో చూడండి. ఎవరు పది నిమిషాలు ముందొస్తున్నారు? ఆట లేని రోజు ఈ అయిదుగురిలో ఎవరు ఎవరితో మాట్లాడుకుంటున్నారు? ఎవరికైనా ఆలస్యమైతే మిగతావాళ్లు ఆగుదాం అంటున్నారా? ఆరు సెషన్లయ్యాక వీటికి జవాబులు దొరుకుతాయి. ఎవరైనా మానేస్తే నెపం వాళ్ల మీద వేయకుండా, ఎవరెన్ని నిర్ణయాలు తీసుకున్నారో గీతలు గీసిన కాగితం మళ్లీ చూడండి. అందరికీ ఈ ఆట నచ్చాలని లేదు, వెళ్లిపోవాలనుకున్నవాళ్లను మంచి మాటతో పంపించండి.

## చివరి అడుగు: కుర్చీ అప్పగించడం

ఆరో సెషన్‌తో కథను ముగించండి, సాగదీయకండి. ఆ తర్వాత అడగండి: "వచ్చేసారి ఎవరు నడుపుతారు?" గొంతున్నవాళ్లే చేతులెత్తుతారని అనుకోకండి. ఎవరు ఒప్పుకున్నా పక్కన కూర్చుని అరపేజీ పరిస్థితి రాయడంలో సాయం చేయండి, ఆపైన మీరు ఒక పాత్ర తీసుకుని ఆటగాళ్లలో కలిసిపోండి. నియమం తప్పు చెప్పినా దిద్దకండి.

మా బల్ల దగ్గర అలా మొదట చెయ్యెత్తింది, లోపలున్నవాళ్లతో మాట్లాడొచ్చా అని గొంతు తగ్గించి అడిగిన అబ్బాయి. కాగితం చేతిలో వణుకుతోంది. ఒక లైట్‌హౌస్, ఆగిపోయిన దీపం, కింద రాళ్లకేసి వస్తున్న ఓడ అని మూడు వాక్యాల్లో చెప్పాడు. తర్వాత తలెత్తి నా వైపే చూసి, "మీరేం చేస్తారు?" అన్నాడు. అని, ఆగాడు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. అతను తొందరపెట్టలేదు.